బఠాణీ పప్పు పక్షాన

పలాసలో దుకాణానికి పోయి “పప్పు ఎంత?” అని అడిగితే జీడిపప్పు ధర చెబుతారు. హాస్యానికి అనడం లేదు. కాశీబుగ్గ చుట్టూ ఉన్న జీడి కర్మాగారాల పుణ్యమా అని ఇక్కడ ఆ మాటకు అదే మొదటి అర్థం. పిక్క కొట్టడం, పొట్టు తీయడం, నిండుపప్పునూ బద్దనూ ముక్కనూ వేరు చేయడం ఎన్నో ఇళ్ళ ఆడవారికి కూడు పెట్టే పనులు. అన్నంలోకి కావలసిన పప్పయితే దాని ఇంటిపేరు కూడా చెప్పుకోవాలి: కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, మినప్పప్పు. ఈ వరుసలో చిట్టచివర, కొంచెం బిడియపడుతూ నిలబడే పప్పు ఒకటి ఉన్నది. అది బఠాణీ పప్పు. దాని పక్షాన వకాల్తా పుచ్చుకొని నాలుగు మాటలు వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఎండు బఠాణీని పొట్టు తీసి రెండుగా చీలిస్తే వచ్చేది ఈ పప్పు. పచ్చనిదీ ఉన్నది, పసుపుపచ్చనిదీ ఉన్నది. మన బజారులో ఎక్కువగా దొరికేది పసుపుపచ్చనిది. చూడడానికి శనగపప్పుకు పినతల్లి బిడ్డలా ఉంటుంది. ఆ పోలికే దాని కొంప ముంచింది. శనగపిండిలో దీని పిండి కలిపి అమ్మేవారున్నారు. చట్టం ప్రకారం శనగపిండి అంటే శనగల నుంచి వచ్చినదే కావాలి, మరొకటి కలిపితే కల్తీ. కనుక “బఠాణీ పప్పు” అనగానే మన ఇల్లాళ్ళకు కల్తీ అన్న మాట స్ఫురిస్తుంది. దొంగ ఎవడో, నింద ఎవరికో! పప్పు తనంతట తాను నడిచిపోయి శనగపిండి సంచిలో దూరలేదు గదా.

ఇక సంస్కృతంలో దీనికి లోటు లేదు. కలాయమని, సతీనకమని, హరేణువని, ఖండికమని అమరసింహుడు బఠాణీకి నాలుగు పేర్లు ఇచ్చాడు. నాలుగు పేర్లున్న ధాన్యం అనామకం కాదు. అయితే ఆయుర్వేదంలో “కలాయఖంజం” అని ఒక రోగనామం ఉన్నది. కాళ్ళు పడిపోయే జబ్బు అది. ఆ పాపం బఠాణీది కాదు, దానికి దూరపు చుట్టమైన లంకపప్పుది. దానినే కేసరి పప్పు అంటారు. విడవకుండా నెలల తరబడి అదే తిన్నవారికి నడక పోతుందని తెలిసిన తరువాత, 1961లో దాని అమ్మకాన్ని నిషేధించారు. కందిపప్పులో అది కలుస్తున్నదన్న భయం నేటికీ ఉన్నది. లంకపప్పు గింజ గొడ్డలి మొనలాగా కోణాలు తేలి ఉంటుంది. బఠాణీ బద్ద అరచంద్రునిలాగా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. చేతిలో పోసుకొని చూస్తే పదేళ్ళ పిల్లవాడైనా వేరు చేయగలడు.

ఇంతకీ దీనితో ఏమి వండమంటారు అంటారా? సూపు వండుకోమంటాను.

ఆ మాట వినగానే కొందరు మిత్రులు నొసలు చిట్లిస్తారని తెలుసు. గిడుగువారి జిల్లాలో పుట్టి ఇంత బరువైన తెలుగు వ్రాసే నేను సూపు అనవచ్చునా? అనవచ్చును. సంస్కృతంలో “సూపము” అంటే పప్పే. పప్పు వండేవాడు గనుక వంటవానికి సూపకారుడని పేరు. విరాటుని కొలువులో వలలుడన్న పేరుతో భీముడు వెలగబెట్టిన ఉద్యోగం అదే. కాని తొందరపడి, ఇంగ్లీషు సూపు మన సూపానికి బిడ్డ అని చాటవద్దు. అంతర్జాలంలో ఈ మాట చాలాచోట్ల కనిపిస్తున్నది, అది పొరపాటు. ఐరోపా వారి సూపు, రసంలో నానవేసిన రొట్టెముక్కకు ఒకప్పుడున్న పేరు నుంచి వచ్చింది. ధ్వని కలిసింది, వంశం కలవలేదు. ఆయుర్వేదంలో “యూషం” అన్న మాట ఉన్నది: పప్పుధాన్యాన్ని ఎక్కువ నీటిలో మెత్తగా ఉడికించి రోగికి ఇచ్చే పథ్యం. ముద్గయూషం, అనగా పెసరకట్టు, అందులో ప్రసిద్ధం. వస్తువు మనకు ఎప్పటినుంచో ఉన్నదనడానికి ఈ రెండు మాటలు చాలు. బంధుత్వం కల్పించనక్కరలేదు.

ఈనాడు మనవారు సూపు అని పిలిచేది వేరు. పెళ్ళిళ్ళలో భోజనానికి ముందు చిన్న కప్పులో, మొక్కజొన్న పిండి గంజిలో నాలుగు క్యారెట్ తురుములు వేసి ఇస్తారు. పైన మిరియాల పొడి. త్రాగితే కడుపు నిండదు, త్రాగకపోతే మర్యాద నిండదు. ఇళ్ళలో అయితే పొట్లం. వేడినీళ్ళలో వేస్తే మూడు నిమిషాలలో తయారు. ఆ పొట్లం మీద సోడియం ఎంతో చిన్న అక్షరాలలో ఉంటుంది; కళ్ళద్దాలు పెట్టుకొని ఒకసారి చదవండి.

పొట్లం సూపులకు ఆదిపురుషుడు కూడా బఠాణీయే కావడం విశేషం. 1867లో జర్మనీలో గ్రూనెబెర్గ్ అనే ఆయన బఠాణీ పిండి, కొవ్వు, ఉప్పు, మసాలాలు కలిపి గట్టిగా దట్టించి, చుట్టలాగా కట్టాడు. ఒక ముక్క విరిచి నీళ్ళలో మరిగిస్తే సూపు. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు సైనికులు దీనిమీదనే బ్రతికారు. ఎర్బ్స్‌వుర్స్ట్ అన్న ఆ సరుకును తరువాత క్నోర్ సంస్థ తయారుచేస్తూ వచ్చి 2018లో ఆపివేసింది. యుద్ధభూమిలో, మంచులో, వంటవాడు లేనిచోట పొట్లం అవసరమే. మన వంటింట్లో ఏ యుద్ధం జరుగుతున్నదని?

ఆ చలిదేశాల వారు ఇంట్లో మాత్రం దీన్ని నెమ్మదిగానే కాచుకుంటారు. స్వీడనులో గురువారం నాడు బఠాణీ సూపు, దాని తరువాత అట్లు తినడం ఆనవాయితీ. హాలెండు వారి శీతకాలపు సూపులో చెంచా నిలబెడితే పడిపోకూడదట, అంత చిక్కన. సముద్రం దాటి ట్రినిడాడు తోటలకు కూలికి పోయిన మన దేశస్థులు అక్కడ కందిపప్పుకు బదులు దొరికిన ఈ పసుపు బఠాణీ పప్పునే పట్టుకున్నారు. వారి మనుమలు ఈనాటికీ “దాల్” అని వండేది దానినే. మన ఇచ్ఛాపురం దాటి నాలుగడుగులు వేస్తే ఒడియావారు ఎండు బఠాణీలతో ఘుగునీ వండి మరమరాలలో పోసుకొని తింటారు. నడుమ ఉన్న మనకు మాత్రం బండి మీది బఠాణీ చాట్ తప్ప దీనితో పరిచయం లేదు.

ఇంతవరకు వ్రాసినది చదివి, ముసలాయనకు పొద్దుపోక పప్పు పురాణం మొదలుపెట్టాడనుకోవచ్చు. అసలు సంగతికి వస్తాను.

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పేర్లు చెబితే ఒకప్పుడు కొబ్బరి, పనస, జీడి గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు మూత్రపిండాల వ్యాధి గుర్తుకు వస్తున్నది. నీరని, ఎండలో పని అని, పురుగుమందులని, నొప్పి మాత్రలని ఎందరో పరిశోధించారు. ఇదే కారణమని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనవి. అంతకుముందు రక్తశుద్ధి కోసం విశాఖ దాకా పోయి, వారానికి రెండు మూడు నాళ్ళు రైళ్ళలోనే గడిపిన కుటుంబాలను ఎరుగుదును. మా తమ్ముడి కుటుంబం వాటిలో ఒకటి.

ఆసుపత్రుల గురించి వ్రాసేవారు ఉన్నారు. వంటింటి గురించి వ్రాసేవారు లేరు. ఇంట్లో ఒకరికి ఈ జబ్బు వస్తే మొదట మారేది పొయ్యి. ఉప్పు తగ్గించమంటారు, పొటాషియం తగ్గించమంటారు, పప్పు కొలిచి తినమంటారు. కొబ్బరిచెట్ల నడుమ పుట్టినవాడు కొబ్బరిబొండం ముట్టకూడదు, ఎందుకంటే అందులో పొటాషియం మెండు. ఇల్లాలు రెండు కుండలు పెడుతుంది: అందరికీ ఒకటి, రోగికి ఒకటి. రోగి కుండలో చప్పిడి కూర. రెండు నెలలకు ఆమెకు ఓపిక నశిస్తుంది. అప్పుడు రెండిటిలో ఒకటి జరుగుతుంది. ఇంటిల్లిపాదీ చప్పిడికి దిగి పిల్లలు చిక్కిపోతారు, లేదా రోగి అందరి కుండలోంచే తినడం మొదలుపెడతాడు.

మా మరదలు మొదటి దారి పట్టింది. ఇంట్లో పప్పు వండడమే మానివేసింది. ఎందుకమ్మా అంటే, “ఏటి బావగారూ, ఆయన చూస్తుండగా మేం పప్పు కలుపుకుని తింటామా? మెతుకు దిగుతాదేటి?” అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆమె ఇద్దరు కొడుకులు ఎదిగే వయసులో పప్పు లేకుండా ఒక సంవత్సరం తిన్నారు.

పైగా ఇందులో ఒక మెలిక ఉన్నది. రక్తశుద్ధి మొదలుకాక ముందు రోగి మాంసకృత్తులు తగ్గించుకోవాలి. మొదలైన తరువాత, శుద్ధిలో కొంత పోతుంది గనుక, మునుపటికంటె ఎక్కువ తినవలసి ఉంటుంది. ఒకనాడు వద్దన్న పప్పును మరొకనాడు వైద్యులే తినమంటారు. ఎంత, ఎప్పుడు అన్నది రక్తపరీక్ష చూసిన వైద్యుడు చెప్పాలి, నావంటి తెలుగు పండితుడు కాదు. కాని చాలా ఇళ్ళలో మొదటినాటి చీటీయే గోడకు అంటుకొని ఉంటుంది. “పప్పు వద్దు” అన్న రెండు మాటలు శాసనమై నిలుస్తాయి.

అందుచేత నా వాదం ఇది. రెండు కుండలు వద్దు. ఒకే కుండ కావాలి. ఆ కుండలో అందరికీ పనికివచ్చేది మొదట కాచి, రోగి గిన్నె ముందు తీసి, ఆ తరువాత మిగిలినవారికి కావలసినవి చేర్చుకోవాలి. రోగికి చివర మిగిలినది కాదు, మొదటి వడ్డన దక్కాలి. ఈ పనికి బఠాణీ పప్పు సూపు అన్ని విధాలా అనుకూలం. ఎలాగో చెబుతాను.

ఒక గ్లాసు పసుపు బఠాణీ పప్పు ఏరి, కడిగి, రాత్రి ఐదారు గ్లాసుల నీళ్ళలో నానవేయాలి. మామూలుగా అయితే రెండు గంటలు చాలును. ఇక్కడ నానవేయడం మెత్తబడడం కోసమే కాదు. పప్పులోని పొటాషియం కొంత నీళ్ళలోకి దిగుతుంది. వంద గ్రాముల ఎండు పప్పులో 24 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటే, పొటాషియం 800 మిల్లీగ్రాములకు పైన ఉంటుంది. ఉదయం ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నిండా నీళ్ళు పోసి పది నిమిషాలు తెర్లనిచ్చి, ఆ నీళ్ళు కూడా వంచివేయాలి. రుచి కొంత పోతుంది, నిజమే. పొటాషియం అంతా పోతుందని మాత్రం అనుకోవద్దు, తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు నాలుగు గ్లాసుల మంచినీళ్ళు పోసి, చిన్న మంట మీద పెట్టాలి. మంచినీళ్ళు అని ఊరికే అనలేదు. సున్నం ఎక్కువగా ఉన్న బోరునీటిలో ఏ పప్పూ సరిగా ఉడకదు. మా తీరంలో ఇది అందరికీ అనుభవమే. ఉడకలేదని వంటసోడా చిటికెడు వేసే అలవాటు ఉన్నది. వేయవద్దు, అదీ సోడియమే. చింతపండు, టమాటా ముందు వేసినా పప్పు గట్టిగా నిలిచిపోతుంది. ఎంత కాచినా చెదరడం లేదంటే పప్పు ఏళ్ళనాటిదై ఉంటుంది. కొట్టువానికి తిరిగి ఇచ్చివేయడమే. కుక్కరులో పెట్టేవారు సగానికి మించి నింపకండి. ఈ పప్పు సబ్బులాగా నురుగు కడుతుంది, ఆ నురుగు వెళ్ళి విజిల్ రంధ్రంలో కూర్చుంటుంది. ఒక చెంచా నూనె వేస్తే కొంత అణుగుతుంది. నాకు మటుకు గిన్నెలో కాచడమే ఇష్టం. ముప్పావు గంటకో, గంటకో బద్దలు తమంతట తామే కరిగి, కవ్వం అక్కరలేకుండా కలిసిపోతాయి. కందిపప్పుకు లేని సుగుణం ఇది.

సగం ఉడికినప్పుడు ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి ఏడెనిమిది రెబ్బలు, అల్లం ముక్క, పసుపు. ఇది వాతకరమని పూర్వులు చెప్పిన మాట అబద్ధం కాదు, కనుక వాము, ఇంగువ మరువకూడదు. చివర నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి పోపు. రోగి గిన్నెలోకి తీసిన తరువాత నాలుగు చుక్కల నిమ్మరసం. ఉప్పు లేని లోటును పులుపూ జీలకర్రా వెల్లుల్లీ చాలావరకు పూడుస్తాయి. ఒక హెచ్చరిక: “తక్కువ సోడియం ఉప్పు” అని అమ్మే పొట్లాలలో చాలావాటిలో సోడియం స్థానంలో పొటాషియం ఉంటుంది. రక్తపోటు వారికి మేలు కావచ్చు, మూత్రపిండాల రోగికి అది ప్రమాదం. మా వీధిలోనే మంచిదని నమ్మి కొని పెడుతున్నవారిని చూశాను.

చిక్కదనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రక్తశుద్ధిలో ఉన్నవారికి రోజుకు ఇన్ని నీళ్ళే అని లెక్క ఉంటుంది. ఆ లెక్కలో చారు కూడా నీళ్ళే, మజ్జిగ కూడా నీళ్ళే. పలుచని పప్పుచారు రెండు గరిటెలు పోసుకుంటే నీళ్ళ లెక్క పోతుంది, కడుపు నిండదు. ఈ సూపు గరిటెనుంచి జారీ జారనట్లు ఉంటుంది గనుక తక్కువ నీటిలో తృప్తి కలుగుతుంది. ఒక చిన్న గ్లాసుతో కొలిచి పోస్తే లెక్క వ్రాసుకోవడం కూడా తేలిక. హాలెండు వారి చెంచా పరీక్ష మన ఉద్దానంలో ఈ విధంగా పనికివచ్చింది.

రోగి గిన్నె తీసిన తరువాత కుండలోకి ఉప్పు, మునక్కాడలు, వేసవి అయితే ముందుగా ఉడికించి పెట్టుకున్న పనసపిక్కలు. పనసపిక్క ఈ పప్పులో పడితే దాని రుచి చెప్పడానికి నా పాండిత్యం చాలదు. అరచిప్ప కొబ్బరిపాలు పోస్తే మరీ మంచిది. తీరంలో మత్స్యకారుల ఇళ్ళలో అయితే ఎండురొయ్యలు వేసుకోవచ్చును. నేను తినను గాని, కలుస్తాయనే అనుకుంటాను. అన్నంలోకి కంటె చోడి అంబలి పక్కన ఇది బాగా కుదురుతుంది.

ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. బఠాణీ మన పంట కాదు గదా, ఉత్తరాది శీతకాలపు పైరు, పైగా ఎక్కువభాగం కెనడా నుంచో రష్యా నుంచో ఓడ దిగుతుంది, మన వరి కోసిన మళ్ళలో పెసలు, మినుములు, ఉలవలు పండగా దీని జోలి ఎందుకు అని. న్యాయమైన మాట. 2017లో కేంద్రం దీనిపై 50 శాతం సుంకం వేసింది, 2023 డిసెంబరులో ఎత్తివేసింది, 2025 నవంబరు నుంచి మళ్ళీ 30 శాతం వేసింది. ఈ ఎత్తిపోతలలో మన అపరాల రైతు నలుగుతున్నాడు. సుంకం ఉండాలనే నేను అంటాను. ఉలవలు ఉన్నవారు ఉలవలే కాచుకోండి, అభ్యంతరం లేదు. కాని 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరినప్పుడు కూలివారి ఇళ్ళలో పప్పు మాయమైంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన తరువాత నెలల తరబడి కొనేశక్తి లేక పచ్చడి మెతుకులతో గడిపినవారున్నారు. అటువంటప్పుడు చౌకగా దొరికే పప్పు ఒకటి ఉండడం చిన్న విషయం కాదు. ఆ పప్పును దాని పేరుతో, దాని ధరకు అమ్మాలి. శనగపిండి ముసుగులో, శనగపిండి ధరకు తినిపిస్తున్నప్పుడు పేదవాడు రెండు విధాల నష్టపోతున్నాడు.

ఆకుపచ్చ బద్దలు కొనేవారు వాటిని గోరువెచ్చని నీళ్ళలో అరగంట ఉంచి చూడండి. నీళ్ళు చిక్కని ఆకుపచ్చగా మారితే రంగు అద్దినవి.

మా మరదలు ఇప్పుడు వారానికి రెండుసార్లు ఇది కాస్తున్నది. తమ్ముడి గిన్నె ముందు తీసి, మూతపెట్టి, తరువాతనే ఉప్పు డబ్బా తీస్తుంది. పిల్లలు దీనికి “పసుపు పప్పు” అని పేరు పెట్టారు, నా సూపమూ సూపూ రెండూ వారికి నచ్చలేదు. ఈ వంటకు మీ ప్రాంతంలో వేరే పేరు ఏదైనా ఉన్నదేమో మిత్రులు వ్యాఖ్యలలో తెలుపగలరు. అలాగే విజయనగరం ఇళ్ళలో దీనిలో ఆవపిండి కలుపుతారని ఒకాయన చెప్పారు. పచ్చి ఆవ కలుపుతారో, పోపులో వేస్తారో తెలిసినవారు వ్రాస్తే సంతోషిస్తాను.